పెదనాన్న వదిలి వెళ్లిన ఉప్పునీటి ట్యాంకు: అందులో పగడాలు పెంచితే నేరమా?

ప్రశ్న: మా పెదనాన్నకి 400 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉండేది. ఆయన పోయాక ఏడాదిన్నర పాటు దాన్ని సరిగ్గా పట్టించుకున్నవాళ్లు లేరు. రెండు నెలల క్రితం పెద్దమ్మ "నువ్వైనా చూసుకోరా" అని నాకు ఇచ్చేశారు. గాజంతా నాచు, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర, ఒక్క పంపు మాత్రం తిరుగుతోంది. అయినా రెండు క్లౌన్ చేపలు బతికే ఉన్నాయి. మూడు పగడాలు కూడా ప్రాణంతో ఉన్నాయి: సుత్తి తలల్లాంటి కొనలున్నది ఒకటి, మెదడు ముడతల్లా ఉన్నది ఒకటి, గుండీలు పరిచినట్టు ఉన్నది ఒకటి. అడుగున తెల్లటి పాత పగడపు ముక్కలు చాలా ఉన్నాయి. దీన్ని మళ్లీ మంచి రీఫ్ ట్యాంకుగా, అంటే పగడాలు పెరిగే ట్యాంకుగా, చేయాలని నా కోరిక. పగడాలు పెరిగితే ముక్కలు చేసి అమ్మి ఖర్చు రాబట్టుకోవచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు, ఇంకొకరేమో పగడాలు ఇంట్లో ఉంటేనే జైలని భయపెడుతున్నారు. బిల్లులేవీ లేవు. మేముండేది మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాట. ఈ జవాబు పూర్తిగా చదివేదాకా ట్యాంకులోంచి దేన్నీ తీసి పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి, కొత్తగా పగడం ఒక్కటి కూడా తేకండి. ఏడాదిన్నర నిర్లక్ష్యాన్ని తట్టుకుని బతికిన ప్రాణులవి, వాటిని కాపాడాలన్న మీ ఆలోచన మంచిదే. నేనూ చాలా ఏళ్లుగా ఉప్పునీటి ట్యాంకు పెంచుతున్నాను కాబట్టి ఆ కోరిక ఎలాంటిదో నాకు తెలుసు. కానీ ఇక్కడ శుభ్రం చేయడం కంటే ముందు తేల్చుకోవాల్సిన పని ఒకటి ఉంది.

మిమ్మల్ని భయపెట్టినవాళ్లు చెప్పింది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూల్ అంటే పులి, ఏనుగు ఉండే జాబితా. 2001లో అందులో పగడాలనూ చేర్చారు. రాతి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ, అంటే శాస్త్రంలో స్క్లెరాక్టీనియా అనే వర్గం మొత్తం, వాటితో పాటు నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు. "మొత్తం" అన్న మాట గమనించండి. ఫలానా జాతి అని కాకుండా వర్గాన్నే రాశారు కాబట్టి, అది మన్నార్ సింధుశాఖలోంచి వచ్చిందా, విదేశం నుంచి వచ్చిందా అన్న తేడాతో జాబితాలోంచి బయటపడదు. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను నాలుగుకి కుదించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాతి పగడాలు మాత్రం మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి.

ఇప్పుడు మీ మూడింటి సంగతి. మీరు చెప్పిన పోలికని బట్టి సుత్తి తలలది హ్యామర్ కోరల్ అయి ఉండాలి, మెదడు ముడతలది బ్రెయిన్ కోరల్. రెండూ రాతి పగడాలే. గుండీల్లా పరుచుకున్నది జోయాంథిడ్ అయితే అది మెత్తటి జీవి, రాతి అస్థిపంజరం కట్టదు, ఈ జాబితాలో లేదు. క్లౌన్ చేపలతో ఏ ఇబ్బందీ లేదు. ఫోన్‌లో దగ్గరగా ఫోటోలు తీసి, సముద్ర జీవశాస్త్రం చదివిన ఎవరికైనా చూపించి పేర్లు ఖాయం చేసుకోండి. కేసంటూ వస్తే అందులో సగం ఈ పేర్ల మీదే నడుస్తుంది, అందుకే నా ఊహని నమ్ముకోవద్దు. అడుగున ఉన్న తెల్ల ముక్కల్ని ఉత్త రాళ్లే కదా అనుకోకండి, గుర్తుపట్టగలిగిన పగడపు అస్థిపంజరం కూడా ఆ జంతువులో భాగమే, చట్టం దాన్నీ వదలదు.

"పెదనాన్నవి కదా, వారసత్వంగా వచ్చాయి కదా" అని మీరు అనుకోవచ్చు. చట్టంలో వారసత్వం గురించి నిజంగానే ఒక వెసులుబాటు ఉంది. 40వ సెక్షన్ ప్రకారం వారసుడు 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పై అధికారికి, డిక్లరేషన్ ఇవ్వాలి. అయితే అది పోయినవాళ్ల దగ్గర యాజమాన్య ధ్రువపత్రం ఉన్నప్పుడు పనికొచ్చే దారి. మీ దగ్గర బిల్లులే లేవంటున్నారు. ఒకసారి పెద్దమ్మ గారిని అడిగి పెదనాన్న గారి పాత ఫైళ్లు, డైరీలు, బ్యాంకు కాగితాలు వెతికించండి. ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, దిగుమతి అయితే కస్టమ్స్ కాగితం ఉందా, అవతలి దేశం ఇచ్చిన సైటీస్ ఎగుమతి పర్మిట్ ఉందా. సైటీస్ అంటే అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం, 1975 నుంచి అమల్లో ఉంది, రాతి పగడాలు దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. ఈ కాగితాలు దొరికినా మొదటి షెడ్యూల్ సమస్య తీరదు, కానీ పెదనాన్న దొంగచాటుగా తెచ్చుకోలేదని చూపించడానికి వాటికి చాలా విలువ ఉంటుంది.

ధ్రువపత్రం దొరక్కపోతే మీకు వర్తించేది 39వ సెక్షన్. చట్టానికి విరుద్ధంగా పట్టిన అలాంటి జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది, అది ఎవరి చేతికి ఎలా వచ్చినా సరే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌కో అధికారమున్న అటవీ అధికారికో తెలపాలి. మీకు రెండు నెలలయింది. గడువు దాటింది కాబట్టి ఇక చెప్పడం దండగ అని కొందరు సలహా ఇస్తారు. అది చాలా తప్పుడు సలహా. 57వ సెక్షన్ ప్రకారం ప్రాణి మీ స్వాధీనంలో ఉందని రుజువైతే చాలు, ఆ స్వాధీనం అక్రమమేనని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటి షెడ్యూల్ జంతువుకి సంబంధించిన నేరానికి శిక్ష మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకి తగ్గకుండా జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కనుక డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా లేదు. సోదాకి వచ్చినప్పుడు దొరికినవాడు, తనంతట తాను వెళ్లి చెప్పినవాడు కోర్టు కళ్లకి ఒకేలా కనిపించరు. ఆలస్యంగా చెప్పినంత మాత్రాన నేరం మాఫీ అవుతుందని నేను హామీ ఇవ్వలేను, కానీ మీ మంచి ఉద్దేశం చూపించుకోవడానికి మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. అధికారికి ఈ సంగతి తెలుపుతూ ఇచ్చే ఉత్తరంలో రాసే ప్రతి మాటా తర్వాత మీ వాంగ్మూలంలా నిలుస్తుంది, అందుకే సొంతంగా రాయకండి, క్రిమినల్ కేసులు చూసే మీ ఊరి వకీలుతో రాయించి పంపండి.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. టెన్షన్ పడి రాత్రికి రాత్రి పగడాల్ని చెత్తబుట్టలో వేయడమో, తీసుకెళ్లి సముద్రంలో వదలడమో. ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా పాడు చేయడం, నాశనం చేయడం కూడా అదే 39వ సెక్షన్‌లో నిషేధమే. ఇక ట్యాంకు జీవుల్ని సముద్రంలో వదిలితే రోగాలు, పరాయి జాతులు వెంట వెళ్తాయి. లయన్ ఫిష్ అమెరికా తూర్పు తీరంలో పాగా వేసి అక్కడి చేపల్ని తినేస్తున్నది ఇలా ఎవరో వదిలిన అక్వేరియం చేపల వల్లేనని శాస్త్రవేత్తలు అంటారు.

కాబట్టి అధికారి వచ్చి ఏం చేయాలో చెప్పేదాకా వాటిని బతికించి ఉంచడం మీ బాధ్యత. ఇది పునరుద్ధరణ కాదు, ప్రాణం నిలబెట్టడం. నీళ్లన్నీ ఒక్కసారి మార్చకండి. ఇన్నాళ్లూ నీరు ఆవిరవుతూ ఉప్పు మాత్రం లోపలే మిగిలిపోయింది కాబట్టి లవణీయత బాగా పెరిగి ఉండొచ్చు. ముందు కొలిచి, ఆర్వో నీటితో కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెంగా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) దగ్గరికి దించండి. ఆ తర్వాత వారానికి పది, పదిహేను శాతం చొప్పున కొత్త ఉప్పునీరు మార్చుకుంటూ వెళ్తే నైట్రేటు, ఫాస్ఫేటు నెమ్మదిగా దిగుతాయి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. పాత దీపాలు తీసేసి కొత్త దీపం పెడితే మొదటి రోజే పూర్తి వెలుగు వేయొద్దు, మసకకి అలవాటు పడిన పగడం మాడిపోతుంది. చేసిన ప్రతిదీ తేదీతో నోటు పుస్తకంలో రాసి, ఫోటో తీసి ఉంచండి. ప్రాణుల్ని మీరు ఎలా చూసుకున్నారో అడిగితే చూపించడానికి అదే మీ రికార్డు.

ఆ గుండీల పగడం దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కొన్ని జోయాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో దొరికే అతి ఘాటైన విషాల్లో అదొకటి. పాత ట్యాంకు శుభ్రం చేయాలని ఆ రాళ్లని వేడినీళ్లలో మరిగించి, ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేర్వేరు దేశాల్లో జరిగాయి. మరిగించొద్దు, ఎండబెట్టి గీకొద్దు, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్లు లేనప్పుడు చేయండి. మీ నిర్లక్ష్యం వల్ల ఇంకొకరికి హాని జరిగితే అది వేరే కేసు అవుతుందన్నది తర్వాతి మాట, ముందు మనుషులు బాగుండాలి.

ముక్కలు చేసి అమ్మే సంగతి. రాతి పగడాల విషయంలో ఆ ఆలోచన ఇవాళే మానుకోండి. "నా ముక్క నా ట్యాంకులోనే పుట్టింది, సముద్రం మొహం ఎప్పుడూ చూడలేదు" అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను. చట్టంలో బందీ జంతువు అన్న నిర్వచనంలోకి పట్టి తెచ్చినదే కాదు, బందీగా పెంచినది, బందీగా పుట్టించినది కూడా వస్తుంది. మొదటి షెడ్యూల్ జంతువుల వ్యాపారాన్ని చట్టం ప్రత్యేకంగా నిషేధించింది. ఉచితంగా ఇచ్చినా పుచ్చుకున్న మనిషిని కూడా మీరు అదే చిక్కులోకి లాగినట్టే. దుకాణాల్లో బహిరంగంగానే అమ్ముతున్నారు కదా అంటే, అమ్మేవాడి ధైర్యం కొన్నవాడికి రక్షణ కాదు. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ కాగితాలు లేని విదేశీ జీవుల్ని స్వచ్ఛందంగా ప్రకటించుకోమని ఆరు నెలలు గడువిచ్చిన మాట నిజమే, కానీ మన చట్టం షెడ్యూళ్లలో ఉన్న జాతుల్ని దానిలోంచి తప్పించారు. అంటే రాతి పగడాలకి అప్పుడు కూడా ఆ దారి తెరుచుకోలేదు.

మరి రీఫ్ ట్యాంకు కల వదులుకోవాలా అంటే, అక్కర్లేదు. నా ట్యాంకులో ఒక్క రాతి పగడం కూడా లేదు. లెదర్ కోరళ్లు, మష్రూమ్‌లు, జీనియా, జోయాంథిడ్లు, ఇవన్నీ మెత్తటివి, మొదటి షెడ్యూల్ బయటివి, నైట్రేటు కాస్త ఎక్కువున్నా ఓర్చుకుంటాయి కాబట్టి కోలుకుంటున్న పాత ట్యాంకుకి అవే సరిపోతాయి. సీ ఫ్యాన్ మెత్తగా కనిపిస్తుంది కానీ జాబితాలో ఉంది, దాని జోలికి పోవద్దు. సముద్రపు గుర్రాలూ అంతే. రాళ్లు కావాలంటే మనుషులు తయారుచేసిన పొడి రాయి కొనండి, సముద్రంలోంచి తీసిన, జీవులు అంటుకుని ఉండే లైవ్ రాక్ వద్దు. చేపలు కూడా హేచరీలో పుట్టినవే అడగండి. క్లౌన్ చేపల్ని ట్యాంకుల్లోనే పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. ఏది కొన్నా జాతి పేరు రాసిన బిల్లు తీసుకోండి. ఇక సైటీస్ జీవుల కోసం చట్టంలో పెట్టిన షెడ్యూల్ 4లో మాత్రమే ఉన్న జీవి, ఉదాహరణకి కొన్ని రకాల జెయింట్ క్లామ్, మీ చేతికి వస్తే 2024 ఫిబ్రవరి నాటి నిబంధనల ప్రకారం 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. క్లామ్‌లలోనూ కొన్ని జాతులు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పేరు ఖాయం కాకుండా కొనకండి.

అద్దె ఫ్లాటు గురించి. 400 లీటర్ల నీళ్లు, గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు అన్నీ కలిపితే అర టన్ను దాటుతుంది. ఇంటి యజమానికి బరువు చెప్పి రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి, వీలైతే ఇంజినీరుకి చూపించి దూలానికి దగ్గరగా, గోడ పక్కన పెట్టించండి. పాత ట్యాంకు అతుకుల్లో సిలికాన్ ఎండి ఉంటే అది పగిలి కింది ఇంట్లోకి నీళ్లు దిగాయంటే నష్టపరిహారం మీ మీదికే వస్తుంది, అద్దె ఒప్పందంలో ఆ ప్రస్తావన లేకపోయినా సరే.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోటోలు, నోటు పుస్తకం, పెదనాన్న గారి మరణ ధ్రువపత్రం, ట్యాంకు మీకు ఎప్పుడు ఇచ్చారో పెద్దమ్మ గారు రాసి సంతకం చేసిన కాగితం వెంట తీసుకెళ్లండి. ఉత్తరంలో పగడాలు అప్పగించడానికి సిద్ధమని, అప్పటిదాకా ప్రాణంతో ఉంచడానికి అనుమతి ఇవ్వమని స్పష్టంగా అడగండి. స్పీడ్ పోస్టులో ఒకటి పంపి, ఇంకొకటి ఆ అధికారి ఆఫీసులో స్వయంగా ఇచ్చి నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అది చేతికొచ్చాకే ట్యాంకులో కొత్తగా ఏదైనా పెట్టండి.