తిరిగింది తలే, కారణం చెవి

ప్రశ్న: తలనొప్పి తగ్గడం లేదని పోయిన వారం మెదడుకి ఎంఆర్‌ఐ తీయించుకున్నాను. బల్ల లోపలికి జరుగుతుంటే గిర్రున తిరుగుతున్నట్టు అనిపించింది. బయటికి వచ్చేటప్పుడు రెండోవైపు తిరిగినట్టయింది. రిపోర్టు నార్మల్. అయినా అంత పెద్ద అయస్కాంతం మెదడుని ఏమైనా చేసిందేమోనని టెన్షన్‌గా ఉంది. రక్తంలోని ఇనుముని లాగేస్తుందని మావారు భయపెడుతున్నారు. మా అత్తగారేమో నిద్ర పడుతుందని అయస్కాంతాల దిండు తెచ్చారు. వాడొచ్చా?

జవాబు: మీ భయం నాకు కొత్త కాదు. 3 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) ఎంఆర్‌ఐ యంత్రం దగ్గర పేషెంటు తల సర్దడానికి వంగి, గబుక్కున పక్కకి తిరిగితే నాకూ తూలినట్టు ఉంటుంది. అందుకే అక్కడ నెమ్మదిగా కదులుతాను.

3 టెస్లాలంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60 వేల రెట్లు. టకటకమని చప్పుడు చేసేది ఈ పెద్ద అయస్కాంతం కాదు, లోపలి వేరే తీగచుట్టలు. ఇది చప్పుడు లేకుండా ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మీకు స్కాన్ మొదలవకముందే తిరిగినట్టు అనిపించింది అందుకే.

తిరిగినట్టు అనిపించడానికి కారణం మెదడు కాదు, లోపలి చెవి. మనం తూలిపోకుండా చూసే అక్కడి ద్రవంలో పొటాషియం అయాన్ల ప్రవాహం ఆగకుండా సాగుతుంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఆ ప్రవాహం మీద పనిచేసి ద్రవాన్ని కాస్త నెడుతుంది. తల తిరుగుతోందని చెవి కబురు పంపుతుంది, మెదడు నమ్ముతుంది. తల తిరుగుతోందని మెదడు అనుకుంటే కళ్లూ కదులుతాయి. 2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు చీకట్లో స్కానర్‌లో పడుకున్నవాళ్ల కళ్లు గమనించారు. చెవి బాగున్నవాళ్ల కళ్లు వాటంతటవే కదిలాయి. లోపలి చెవి పనిచేయనివాళ్ల కళ్లు కదల్లేదు. నాకైతే ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మీవారి ఇనుము సంగతి. రక్తంలో ఉన్నది మేకులాంటి ఇనుము కాదు, హిమోగ్లోబిన్‌లో విడివిడిగా బిగిసి ఉన్న ఇనుప పరమాణువులు. ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, రవ్వంత నెడుతుంది. రసాయన శాస్త్రవేత్తలు లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ 1936లోనే ఇది తేల్చారు. ఫ్రాన్స్‌లో 11.7 టెస్లాల యంత్రంలో ఓ ఇరవై మంది మెదళ్లను చిత్రించి, ఆ బొమ్మల్ని 2024లో విడుదల చేశారు. మీరు 3 టెస్లాలకే భయపడనక్కర్లేదు.

దిండు సంగతంటారా, అందులోని చిన్న బిళ్లల బలం కొన్ని అంగుళాల్లోనే చాలావరకు తగ్గిపోతుంది. దానివల్ల నిద్ర పడుతుందని నేను చెప్పను. కానీ ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ గానీ, వినికిడి కోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గానీ, మెదడులో నీరు తీసే షంటు గానీ ఉంటే ఆ దిండు వాళ్ల దగ్గరికి రానివ్వకండి. కొన్ని షంటుల వాల్వు సెట్టింగు దగ్గరికొచ్చిన అయస్కాంతానికి మారిపోతుంది.