అందరూ సరే అన్నారని తలూపడం పిరికితనం కాదండీ

లెక్క తప్పని తెలిసినా టీమ్ అంతా సరే అనేసరికి మీరూ తలూపేశారట; అది పిరికితనమేమోనని అడిగారు. కాదండీ. 1950ల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పరీక్షించారు. మూడు గీతల్లో నమూనా గీతకు సమానమైనది ఏదో చెప్పాలి, అంతే. చిన్నపిల్లలకూ తెలిసిపోయేంత తేలిక. కానీ ముందుగా జవాబు చెప్పినవాళ్లంతా, ముందే అనుకున్న ప్రకారం, కావాలనే తప్పు గీత చెప్పారు. ఈ ఏర్పాటు తెలియకుండా వచ్చినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఒక్కసారైనా వాళ్లతో గొంతు కలిపారు!

మీకు పనికొచ్చేది ఇదీ: గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్తే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. అందుకే మీటింగుకు ముందే, టీ తాగేటప్పుడు, నమ్మకమున్న ఒక్కరికి ఆ లెక్క చూపించండి. లేదా మెయిల్‌లో పెట్టండి. జవాబు పైకి చెప్పకుండా రాసివ్వమన్నప్పుడు కూడా తప్పులు బాగా తగ్గాయి.