వోచర్లు పంచాలా, ఒక్కరికే అమ్మాలా?

సంస్కరణలు మొదలుపెట్టిన దేశంలో ప్రభుత్వ కర్మాగారాల వాటాలను జనానికి వోచర్లుగా పంచితే మేలా, ఒకే పెట్టుబడిదారుకు అమ్మితే మేలా అని అడిగారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అమ్మకం అయిన మర్నాడు మేనేజరును నిలదీసేది ఎవరు?

జనం దగ్గర డబ్బు లేనిచోట వోచర్లతో పని త్వరగా అవుతుంది, కాదనను. రష్యా 1992 అక్టోబరు నుంచి పిల్లలతో సహా ప్రతి పౌరుడికీ 10,000 రూబుళ్ల ముఖవిలువ గల వోచర్, అంటే ప్రభుత్వ సంస్థల వాటాలుగా మార్చుకోగల పత్రం, ఇచ్చింది. అయితే ఎక్కువ సంస్థల్లో సిబ్బంది తమ ముందున్న పద్ధతుల్లో రెండోది ఎంచుకుని, 51 శాతం ఓటు వాటాలను పుస్తక విలువకు (ఖాతాల్లో రాసి ఉన్న విలువకు) 1.7 రెట్ల ధరకు తీసేసుకున్నారు. ధరలు అంతగా మండిపోతున్నప్పుడు పాత పుస్తక విలువంటే ఉత్త పుణ్యానికి ఇచ్చినట్టే. డైరెక్టరు అదే కుర్చీలో ఉన్నాడు, పైనుంచి లెక్క అడిగే మంత్రిత్వ శాఖ మాత్రం పోయింది. వాటాదారుల రిజిస్టర్ కంపెనీ గుప్పిట్లోనే ఉంటే ఇంకా ప్రమాదం. 1994లో క్రాస్నోయార్స్క్ అల్యూమినియం కర్మాగారం బయటి పెట్టుబడిదారు వాటాను రిజిస్టర్లోంచి కొట్టేసింది. అందుకే మొదటి వాటా అమ్మకముందే స్వతంత్ర రిజిస్ట్రార్ ఉండాలి.

చెకోస్లొవేకియా తిప్పలు వేరు. 1992లో 1,035 కొరునాలు కడితే 1,000 పాయింట్లున్న వోచర్ పుస్తకం చేతికొచ్చేది. చాలామంది ఆ పాయింట్లను పెట్టుబడి నిధులకు అప్పజెప్పారు. పెద్ద నిధులు కొన్నింటిని నడిపింది బ్యాంకుల అనుబంధ సంస్థలే, ఆ బ్యాంకుల్లో ప్రభుత్వానికి పెద్ద వాటా. అప్పిచ్చినవాడే యజమాని కూడా అయితే దివాలా కేసు వేసేదెవరు? చెక్ జనం 'సొరంగం తవ్వడం' అని పేరు పెట్టుకున్న దోపిడీ ఇలాంటి చోటే పెరిగింది. సరుకును మేనేజరు సొంత కంపెనీకి చవగ్గా అమ్ముతారు, ముడిసరుకు దాని దగ్గరే ఎక్కువ ధరకు కొంటారు. చివరికి అసలు సంస్థలో అప్పులే మిగులుతాయి. సంబంధిత పక్షాల లావాదేవీలను, అంటే మేనేజరు సొంతవాళ్లతో సంస్థ చేసే బేరాలను, బయటపెట్టాలన్న నియమం, చిన్న వాటాదారు కోర్టుకెక్కే హక్కు లేకుండా నిధులను వదిలితే జరిగేది ఇదే.

ఒక్కరికి అమ్మితే బాధ్యత స్పష్టంగా ఉంటుంది, కాని వేలం శుభ్రంగా జరగాలి. 1995లో రష్యాలో ప్రభుత్వం వాటాలు తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర అప్పు తీసుకున్న 'అప్పుకు వాటాలు' పథకం కింద, నికెల్ తీసే నోరిల్స్క్ నికెల్ సంస్థ 38 శాతం వాటాకు ప్రారంభ ధర 17 కోట్ల డాలర్లు. వేలం నిర్వాహకుడు ఒనెక్సిం బ్యాంకు, ఆ వాటా దక్కిందీ ఆ బ్యాంకు పక్షానికే, 17.01 కోట్లకు. 35.5 కోట్ల పోటీ బిడ్‌ను తిరస్కరించారు. వేలం నడిపేవాడికి బిడ్ వేసే హక్కు ఉండకూడదు. డిపాజిట్, బ్యాంకు గ్యారంటీ షరతులు ముందే ప్రకటించాలి, తర్వాత మార్చకూడదు.

అమ్మకముందు చేయాల్సిన చాకిరీ చాలామందికి విసుగు, ధర తెగేది మాత్రం అక్కడే. సంస్థను వాటాల కంపెనీగా మార్చండి. భూమి సంస్థదా, ప్రభుత్వం లీజుకిచ్చిందా తేల్చండి. సిబ్బంది ఇళ్లు, ఆసుపత్రి, శిశుకేంద్రం స్థానిక సంస్థకు అప్పగించండి, నిర్వహణ నిధులతో సహా. పాత కాలుష్యం ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే కొనేవాడు దాన్ని పెద్దగా ఊహించుకుని ధర తగ్గిస్తాడు. ఉద్యోగాలు, పెట్టుబడుల హామీలకు సంఖ్య, తేదీ, జరిమానా మూడూ ఉండాలి. ఒక్కటి తగ్గినా అది హామీ కాదు.

చిన్న దుకాణాలకు ఇంత తతంగం వద్దు, బహిరంగ వేలం చాలు. విద్యుత్తు, టెలిఫోన్ల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం: ముందు నియంత్రణ సంస్థ, టారిఫ్ సూత్రం (ఛార్జీలు లెక్కగట్టే పద్ధతి), ఆ తర్వాతే అమ్మకం. వరస తిరగేస్తే, కొన్నవాడు ఆ గుత్తాధిపత్యానికే డబ్బు కట్టానంటాడు, తర్వాత తెచ్చే ప్రతి నియమం మీదా పరిహారం అడుగుతాడు.