స్పృహ తప్పిన మనిషి మధ్యమధ్యలో ఎగశ్వాస తీస్తుంటే సీపీఆర్ (ఛాతీ నొక్కి, నోటితో గాలి ఊది చేసే ప్రథమ చికిత్స) చేయొచ్చా?

చేయొచ్చు కాదు, చెయ్యాల్సిందే, పిలిచినా భుజం తట్టినా పలక్కుండా ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి గాలి మింగినట్టు చేస్తుంటే అది ఊపిరి ఆగిపోయినట్టే లెక్క. గుండె ఆగాక కూడా మెదడు అడుగుభాగం కాసేపు ఇలా ఎగశ్వాస తీయిస్తుంది, గురకలాగానో మూలుగులాగానో సౌండ్ కూడా వస్తుంది, కానీ దాంతో మెదడుకి సరిపడా ఆక్సిజన్ వెళ్లదు, కొన్ని నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది.

ఉదాహరణకి ఆడుతూ ఆడుతూ ఒకాయన కుప్పకూలాడు, గురక పెడుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు "ఊపిరి ఉందిలే" అని మొహం మీద నీళ్లు చల్లుతూ కూర్చుంటారు, అసలు టైమంతా అక్కడే పోతుంది. ఛాతీ మామూలుగా లేచిపడుతోందా లేదా అని 10 సెకన్లకి మించి చూడొద్దు. ఒకళ్లని ఎమర్జెన్సీకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్‌లో పెట్టమనండి, మీరు ఆయన్ని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగం ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5-6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100-120 సార్లు నొక్కండి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. నోటితో ఊదడం రాకపోతే నొక్కడం ఒక్కటైనా ఆపకండి. నీళ్లలో మునిగినవాళ్లకి, పిల్లలకి మాత్రం ఊదడం చాలా ముఖ్యం, 30 నొక్కులకి 2 సార్లు (చిన్నపిల్లలకి లోతు ఛాతీ మందంలో మూడోవంతు).

చాలామంది అపోహ ఏంటంటే గుండె కొట్టుకుంటుంటే నొక్కితే ఆగిపోతుందని. అలా జరగడం చాలా అరుదు, అవసరం లేనివాళ్లయితే కదులుతారు, చెయ్యి తోసేస్తారు, అప్పుడు ఆపేస్తే చాలు. పక్కటెముక విరిగినా అతుక్కుంటుంది.