టెక్నీషియన్ చూపు ఎక్కడుందో కనబడితే, దూరం నుంచి రిపేరు చెప్పడం తేలికవుతుందా?

మీ టెక్నీషియన్లకు ఐ ట్రాకింగ్ కళ్లజోళ్లు (పెట్టుకున్నవాళ్ల చూపు ఎటుందో చూపించేవి) కొంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుందండి. నాకది ఒక తప్పు జరిగాకే అర్థమైంది.

నేను బెంగళూరు పీణ్యలో కంట్రోల్ ప్యానెళ్ల సర్వీసు చేస్తాను. ఒకసారి హిందూపురం వైపు ఫ్యాక్టరీలో ఉన్న కుర్రాడికి వీడియో కాల్‌లో చెబుతూ, "ఎడమ నుంచి మూడో రిలే తియ్యి తమ్ముడూ" అన్నాను. "సరే అన్నా" అన్నాడు. రిలే అంటే ప్యానెల్లో కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చు. నేను చెప్పింది పై వరస, అతను చూస్తున్నది కింది వరస. తీసేశాడు. నడుస్తున్న పక్క లైను ఆగిపోయింది. భయంతో వణికిన అతని గొంతు నాకింకా గుర్తుంది. తప్పు నాది, ఆ "సరే"ని నమ్మాను.

తర్వాత మా ఆఫీసులో అలాంటి కళ్లజోడు ట్రయల్‌కి తెప్పించారు. కంటిపాప కదలికను లోపలి కెమెరాలు పట్టుకుంటాయి, పెట్టుకున్నవాడి చూపు నా స్క్రీన్ మీద ఎర్ర చుక్కలా కనబడుతుంది. నేను "కాంటాక్టర్" (మోటార్ల లాంటివాటికి వాడే పెద్ద స్విచ్చు) అన్నాక చుక్క అటూ ఇటూ వెతుక్కుంటోందంటే, అతనికి అర్థం కాలేదని చెయ్యి పెట్టకముందే తెలిసిపోతుంది. చుక్క సరైన చోట నిలబడితే "అదే, అదే" అంటే చాలు.

2005లో డేనియల్ రిచర్డ్‌సన్, రిక్ డేల్ చేసిన అధ్యయనంలో, చెప్పేవాళ్లు చూసిన చోటికి వినేవాళ్ల కళ్లు సుమారు 2 సెకన్ల తర్వాత చేరాయి. ఎంత దగ్గరగా వెంబడిస్తే అంత బాగా అర్థమైందట. అది చదివాక ఒక్కో మాట చెప్పి ఆగడం అలవాటు చేసుకున్నాను. అంతకుముందు గబగబా చెప్పుకుపోయేవాణ్ణి.

అయితే చుక్కనే పూర్తిగా నమ్ముకోకండి. గురి 1 డిగ్రీ తప్పితే, 60 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 1 సెంటీమీటరు తేడా వస్తుంది. చిన్న టెర్మినల్ (వైరు బిగించే చోటు) వెడల్పేమో 5 మిల్లీమీటర్ల చిల్లర! అంటే చుక్క ఒకదాని మీద, చూపు రెండు టెర్మినళ్ల అవతల. చెమటకి కళ్లజోడు జారితే ఇంకా తేడా. రిలే, బ్రేకర్ లాంటివాటికి చుక్క సరిపోతుంది కానీ, వైరు విప్పే ముందు మాత్రం ఫెర్రూల్ నంబరు (వైరు చివర తొడిగిన గుర్తు నంబరు) పైకి చదివిస్తాను.

మీ చూపును కూడా టెక్నీషియన్‌కి చూపించాలనుకుంటే, బటన్ నొక్కినప్పుడే కనబడేలా పెట్టించండి. కళ్లు సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతాయి. మీరు ఊరికే చూసిందేదో, చూపించాలని చూసిందేదో అతనికెలా తెలుస్తుంది?

ఇంకోటి, కుర్రాళ్లను ముందే అడగండి. తమ కళ్లు ఎటు పోతున్నాయో ఇంకొకరికి కనబడుతుంటే చాలామందికి టెన్షన్. మా హిందూపురం తమ్ముడు మొదటిరోజు తల కూడా సరిగా తిప్పలేదు. నేనే అక్కడికి వెళ్లి, కళ్లజోడు నేను పెట్టుకుని, ఫోను అతని చేతికిచ్చి నా చుక్క చూపించాను. రికార్డు చేయనని మాటిచ్చాను. ఆ మధ్యాహ్నం నుంచి మామూలుగా పనిచేశాడు.