రాతిగోడ దాటని వైఫై

ప్రశ్న: మాది దేవరకొండ. మామగారు కట్టించిన రాతి ఇంటి మీద ఈమధ్యే స్లాబు వేసి రెండు గదులు కట్టుకున్నాం. వైఫై రూటర్ కింద ముందుగదిలో, టీవీ వెనక ఉంది. పైన మా అమ్మాయి పాఠాలు వింటుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. అందరూ బూస్టర్ కొనమంటున్నారు. కొనమంటారా?
– ఒక గృహిణి

జవాబు: అప్పుడే డబ్బు తీయకండమ్మా. మీ రూటర్ ఎక్కడ ఉండాలో తీగ లాగడానికి వచ్చిన కుర్రవాడు నిర్ణయించి వెళ్లాడు. కిటికీ పక్కన రంధ్రం, టీవీ దగ్గర ప్లగ్గు కనిపించాయి, అతని పని అయిపోయింది.

నల్లగొండలో మా అత్తగారిది కూడా రాతి ఇల్లే. గోడ మందం టేపు పెట్టి కొలిస్తే 22 అంగుళాలు. ఫోనులో వైఫై బలం కొలిచే ఉచిత యాప్ పెట్టుకుని నడిచాను. ముందుగదిలో మైనస్ 48 డీబీఎం (అది సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు), గోడ అవతల వంటింట్లో మైనస్ 78. పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది. ముప్పై తగ్గిందంటే వెయ్యో వంతన్నమాట! మీకు దానిపైన స్లాబులోని ఇనుము ఒకటి. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ రకం అయితే గోడల దగ్గర మరీ నీరసపడుతుంది, 2.4 రకం కాస్త నయం.

మీరూ ఒక కాగితం మీద ఇంటి పటం గీసి, గదిగదికీ తిరిగి అంకెలు రాయండి. అమ్మాయి చదువుకునేటప్పుడు తలుపు వేసుకుంటుందా? అయితే తలుపు వేసే కొలవండి. వీడియో పాఠాలకు మైనస్ 67 కంటే దిగజారకూడదు.

ముందు రూటర్‌ను టీవీ వెనక నుంచి తీసి, మెట్లకు ఎదురుగా తల ఎత్తుకు మించి పెట్టి చూడండి. ఇనుప బీరువా పక్కన వద్దు. అప్పటికీ చాలకపోతే కింది నుంచి పైకి క్యాట్ 6 అనే ఇంటర్నెట్ తీగ ఒకటి లాగించి, చివర యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన ఇంటర్నెట్‌ను అక్కడ వైఫైగా పంచే పెట్టె) బిగించండి. ఆ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీ ఇంటికి ఇరవై కూడా పట్టదు. రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4లో కింద చానల్ 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టమనండి. బూస్టర్‌ను పైగదిలో పెడితే అక్కడికి చేరిన నీరస సిగ్నల్‌నే మళ్లీ పంచుతుంది. చవక రకాలైతే వేగం సగానికి కోస్తాయి.

తీగను మెట్ల గోడ వెంట, కరెంటు పైపులో కలపకుండా వేయించండి. బయటి గోడ మీదుగా మాత్రం వద్దు. మా డాబా మీద డిష్ తీగను కోతులు రెండుసార్లు తెంపాయి.