నరసాపురంలో రేవు చూడండి, కోట కోసం వెతక్కండి

గోదావరి జిల్లాల్లో సముద్రానికి దగ్గరగా, పాత చరిత్ర ఉన్న చిన్న ఊరేదైనా చెప్పమన్నారు, రెండు రోజులు సరిపోతాయా అని కూడా అడిగారు. నరసాపురం వెళ్లండి. మా అమ్మమ్మగారి ఊరు, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతారు. రైలు లైను కూడా అక్కడితో ఆఖరు.

వచ్చినవాళ్లు ముందు అడిగేది "డచ్చివాళ్ల కోట ఎక్కడండీ?" అని. ఆ కాలం ఆనవాళ్లు గోడల్లో కాదు, పేర్లలో ఉన్నాయి. హాలండు నుంచి వచ్చిన ఆ డచ్చివాళ్లని మనవాళ్లు వలందులన్నారు, వాళ్ల రేవు వలంధర రేవయింది. పక్కనే మాధవాయిపాలెం. ఇంగ్లీషు కంపెనీ 17వ శతాబ్దంలో అక్కడ ఓడలు కట్టించుకుంది. ఊరి పేరు వాళ్ల నోట్లో 'మదపోలం' అయింది, అక్కడి నుంచి ఓడలెక్కిన నూలుబట్టకీ అదే పేరు నిలిచిపోయింది. ఇప్పటికీ బట్టల వ్యాపారంలో మదపోలం అంటే ఒక రకం మెత్తని నూలుగుడ్డ. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఎక్కడా కనపడదు, అదే నా బాధ.

మీరు చేయాల్సిందల్లా తెల్లవారుజామున రేవుకి వెళ్లడం. రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఇంకా చీకటి విడలేదు, తూర్పుగాలి చల్లగా తగులుతోంది. గట్టు మీద ఒకావిడ స్టీలు బకెట్టు ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో చీరమేను, అంటే చిట్టి చేపలు. ఒక్కోటి అంగుళం కూడా ఉండదు, ఒళ్లంతా అద్దంలా ఉండి నల్లటి కన్ను ఒక్కటే కనపడుతుంది. బకెట్టు నిండా సేమ్యా ప్రాణంతో కదులుతున్నట్టుంది. వీటిని మామూలు వల ఆపలేదు, అందుకే చీర పట్టి లాగుతారు.

"ఎంతమ్మా?" అన్నాను. "గ్లాసు వందండి. నిన్నంతా ఒక్కటీ లేదు, రాత్రి గాలి మళ్లింది కాబట్టి వచ్చింది" అంది. నాలుగు గ్లాసులు కొలిచి, మా అమ్మాయి కళ్లప్పగించి చూస్తుంటే, "పిల్లకండీ" అంటూ గుప్పెడు కొసరు వేసింది. ఇంటికెళ్లాక మా పెద్దమ్మ ఇసుక పోయేదాకా ఎన్ని నీళ్లు మార్చిందో! సగం చింతచిగురుతో కూర, సగం మసాలా కలిపి గారెలు.

పులస కోసం వెళ్తారేమో, వద్దు. వరద రోజుల్లో ఒడిశా సముద్రపు ఇలస చేపని తెచ్చి గోదారి పులస అని చెప్పి అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. మా బంధువులు ఒకాయన వేలు పోసి మోసపోయారు. నన్నడిగితే అసలు పులస అయినా సరే చీరమేను ముందు నిలవదు.

తర్వాత మాధవాయిపాలెం రేవులో పంటు (కార్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగండి, అక్కడి నుంచి అంతర్వేది. కార్లలో వచ్చేవాళ్లు అద్దాలు దించకుండా ఫోన్లు చూసుకుంటూ నది దాటేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దిగి కమ్మీ పట్టుకుని నిలబడండి, గోదారి పాయ వశిష్ఠ ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తుంది. అంతర్వేది నరసింహస్వామి గుడిని 1823లో మళ్లీ కట్టించింది కొపనాతి కృష్ణమ్మ అనే అగ్నికుల క్షత్రియుడు. మత్స్యకార కులం మనిషి సముద్రపు సంపాదనతో కట్టించిన గుడి. పూజారి ఎవరని అడిగేవాళ్లు చాలామంది, ఎవరు కట్టించారని అడిగేవాళ్లు తక్కువ. గుడి దాటి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్తే గోదారి నీళ్లు, సముద్రం నీళ్లు కలిసేచోట రంగు తేడా చూడొచ్చు.

పేరుపాలెం బీచ్‌కి వెళ్తే మాత్రం ఆదివారం వద్దు. సాయంత్రానికి ఇసుక నిండా బిర్యానీ పొట్లాలు, పగిలిన సీసాలు. వల లాగేవాళ్లు చెప్పులు లేకుండా నడిచే చోటది.

ఒక పూట మిగిలితే ఊళ్లో వీధి అరుగుల వైపు చూస్తూ నడవండి. క్రోషా సూదితో లేసు అల్లే ఆడవాళ్లు కనపడతారు. 2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. షాపులో బేరమాడకుండా అల్లిన మనిషి దగ్గరే కొనండి, ఒక పువ్వు అల్లడానికి ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూసి మరీ కొనండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, అప్పుడు వెళ్లకండి. దీపావళి దాటాక వెళ్లండి. చీరమేనుని తెచ్చే తూర్పుగాలి మొదలైందో లేదో రేవులో ఎవరినైనా అడిగితే చెప్తారు.